క్షురకుడి వేషంలో నాజీ

మన అలంకారికులు రసాలకి కూడా శత్రుమిత్ర భావాలు చెప్పారు. హాస్యానికి కరుణ, భయానకం విరోధులని విశ్వనాథుడి సాహిత్యదర్పణం. చచ్చిపోయిన బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్న తల్లి పక్కన విదూషకుణ్ణి కూర్చోబెడితే రెండు రసాలూ చెడిపోతాయని వారి భావం. నాటకం చూసేవాడికి ఎవరైనా చెప్పగలిగిన మాటే ఇది. అయితే ఇరవయ్యో శతాబ్దంలో ఈ లెక్క తప్పించిన పుస్తకాలు కొన్ని వచ్చాయి. వాటిని రాసినవాళ్ళు సామాన్యులు కారు. చావుని దగ్గరనుంచి చూసి, అయినవాళ్ళని పోగొట్టుకుని బయటపడ్డవాళ్ళు. వాళ్ళు రాసింది జర్మన్ భాషలో, అంటే తమని చంపినవాళ్ళ భాషలో.

మా అమ్మాయి హైస్కూల్లో ఉండగా అన్నే ఫ్రాంక్ డైరీ, ఎలీ వీజల్ 'నైట్' పాఠాలుగా చదివింది. ఇక్కడ పెరిగే మన పిల్లలందరూ దాదాపు చదువుతారు. అవి చదివాక ఆరు మిలియన్ల యూదుల హత్య గురించి మనసులో ఒక బొమ్మ ఏర్పడుతుంది. బాధపడినవాళ్ళందరూ మంచివాళ్ళు, బాధపెట్టినవాళ్ళందరూ రాక్షసులు. ఆ బొమ్మ అబద్ధమని అనను. కాని అది సగం. మిగతా సగం చూపించడానికి సాహసించిన ఇద్దరి గురించి ఈ వ్యాసం. మొదటివాడు ఎడ్గార్ హిల్సెన్‌రాత్, రెండోవాడు యూరెక్ బెకర్. మన తెలుగు పత్రికల్లో వీరి పేర్లు కనిపించడం చాలా అరుదు.

హిల్సెన్‌రాత్ రాసిన నవల పేరు 'నాజీ, క్షురకుడు'. కథ స్థూలంగా చెబుతాను. జర్మనీలో ఒక కల్పిత పట్టణం, పేరు వీస్‌హాలె. అక్కడ ఒకే సమయంలో ఇద్దరు మగపిల్లలు పుడతారు. ఒకడు ఇట్జిగ్ ఫింకెల్‌స్టైన్, యూదు క్షురకుడి కొడుకు. బంగారు రంగు జుట్టు, నీలి కళ్ళు, తీర్చిదిద్దిన ముక్కు. రెండోవాడు మాక్స్ షుల్ట్జ్, అచ్చమైన ఆర్యుడు. తండ్రి ఎవరో మాత్రం తెలియదు, అయిదుగురిలో ఎవరో ఒకరు. వాడికి నల్ల జుట్టు, వంకర ముక్కు, కప్ప కళ్ళు. నాజీల కార్టూన్లలో యూదుణ్ణి ఎలా గీస్తారో అచ్చం అలా ఉంటాడు. ఇద్దరూ ప్రాణస్నేహితులు. ఇట్జిగ్ తండ్రి సెలూన్లోనే మాక్స్ క్షౌరవృత్తి నేర్చుకుంటాడు. వాళ్ళింట్లోనే తింటాడు, వాళ్ళ పండగలకి వెళతాడు, వాళ్ళ మాటలు నేర్చుకుంటాడు.

హిట్లర్ వస్తాడు. వాడి ఉపన్యాసాన్ని ఏసుక్రీస్తు కొండమీది ప్రసంగానికి పేరడీగా నడిపిస్తాడు రచయిత. జీవితంలో దెబ్బలు తిన్నవాళ్ళూ, ఏదీ సాధించలేనివాళ్ళూ, ఎవరిమీదో ఒకరిమీద కసి తీర్చుకోవాలనుకునేవాళ్ళూ అక్కడ గుంపుగా నిలబడి ఉంటారు. మాక్స్ కూడా ఉంటాడు. ఎస్.ఎస్. దళంలో చేరతాడు. పోలండులో ఒక చావుశిబిరంలో వేలమందిని చంపుతాడు. అందులో ఇట్జిగ్, అతని తల్లీ తండ్రీ కూడా ఉంటారు.

యుద్ధం ఓడిపోయాక మాక్స్ ఒక సంచీతో పారిపోతాడు. అందులో ఉన్నవి చచ్చిపోయినవాళ్ళ నోళ్ళలోంచి పీకిన బంగారు పళ్ళు. పోలండు అడవిలో ఒక ముసలమ్మ గుడిసెలో కొన్నాళ్ళు తలదాచుకుంటాడు (కుటుంబ పత్రిక కనక ఆ భాగం వివరాలు వదిలేస్తున్నాను). నాజీలని వెతికి పట్టుకుంటున్న రోజులవి. ఎక్కడ దాక్కోవాలి? మాక్స్‌కి ఒక ఉపాయం తడుతుంది. ఎలాగూ మొహం యూదుడిలా ఉంది, యూదుల ఆచారాలు వచ్చు. సున్తీ చేయించుకుంటాడు. చేతిమీద ఆష్‌విట్జ్ నంబరు పచ్చబొట్టు పొడిపించుకుంటాడు. తాను చంపిన స్నేహితుడి పేరే పెట్టుకుంటాడు. ఆ రోజునుంచి అతను ఇట్జిగ్ ఫింకెల్‌స్టైన్, నాజీల బాధితుడు. అందరూ జాలిపడతారు.

అక్కడితో ఆగదు. అతను ఓడెక్కి పాలస్తీనా వెళతాడు. 1947లో నాలుగున్నర వేలమంది శరణార్థులతో పాలస్తీనా వెళ్ళిన 'ఎక్సోడస్' అనే ఓడని బ్రిటిషువారు వెనక్కి తిప్పిన సంగతి చరిత్రలో ఉంది. నవలలో ఓడ పేరు 'ఎగ్జిటస్'. రోగి మరణించాడని రాయడానికి వాడే ఈ లాటిన్ మాట మన డాక్టరు మిత్రులకు తెలిసే ఉంటుంది. మాక్స్ అక్కడ మంచి క్షురకుడిగా పేరు తెచ్చుకుంటాడు. ఆ దేశం కోసం తుపాకి పట్టి పోరాడతాడు. శిబిరంనుంచి బతికి బయటపడ్డ ఒక స్త్రీని పెళ్ళి చేసుకుంటాడు. ఊళ్ళో పెద్దమనిషి. ఎవరూ అనుమానించరు. చివరికి వాడికే ఉండబట్టక, రిటైరైన ఒక జడ్జి దగ్గర నిజం కక్కేస్తాడు. ఇద్దరూ కూర్చుని విచారణ నడుపుతారు. ఏం శిక్ష వెయ్యాలి? ఒక్కసారి ఉరితీస్తే వేలమంది చావుకి సరిపోతుందా? వేలసార్లు ఉరితీసినా చచ్చినవాళ్ళకి ఒరిగేదేమిటి? వాళ్ళకి కావలసింది వాళ్ళ ప్రాణం. అది హంతకుడి దగ్గర లేదు, జడ్జి దగ్గరా లేదు. లెక్క తేలక జడ్జి అతణ్ణి వదిలేస్తాడు.

కథ మొత్తం హంతకుడి నోటే చెప్పించాడు రచయిత. మాక్స్ మాట వింటుంటే నవ్వొస్తుంది. వాగుడుకాయ, పిరికివాడు, తిండిపోతు, ఎక్కడ గాలి వీస్తే అక్కడికి వంగేవాడు. నవ్విన మరుక్షణం వాడేం చేశాడో గుర్తొచ్చి మనమీద మనకే అసహ్యం వేస్తుంది. చదువుతూ నేను పుస్తకం మూసేసిన సందర్భాలు నాలుగైదు ఉన్నాయి. మనలో 'ఏడవలేక నవ్వడం' అని ఒక మాట ఉంది గాని, ఇక్కడ పని తిరగబడింది. నవ్వించి, ఎందుకు నవ్వావు అని నిలదీస్తాడు.

ఇలాంటి పుస్తకం రాసినవాడు ఎలాంటి బతుకు బతికాడు? హిల్సెన్‌రాత్ 1926లో లైప్జిగ్‌లో పుట్టి హాలె నగరంలో పెరిగాడు. 1938లో తల్లి ఇద్దరు కొడుకులనీ తీసుకుని రొమేనియాలోని బుకొవినా ప్రాంతంలో సిరెట్ అనే చిన్న ఊళ్ళో ఉన్న పుట్టింటికి వెళ్ళిపోయింది. తండ్రి వెనక ఉండిపోయి తరవాత ఫ్రాన్సు చేరాడు. ఆ చిన్న ఊళ్ళో గడిపిన మూడేళ్ళూ తన జీవితంలో సుఖమైన రోజులని ఆయన తరవాత తరవాత చెప్పుకున్నాడు. 1941 అక్టోబరులో రొమేనియా ప్రభుత్వం బుకొవినా యూదులని పశువుల పెట్టెల్లో కుక్కి నీస్టర్ నది ఒడ్డుకి తోలింది.

ఇక్కడ చరిత్ర కొంత చెప్పాలి. యూదుల హత్య అనగానే మనకి ఆష్‌విట్జ్ గుర్తొస్తుంది. నీస్టర్, బుగ్ నదుల మధ్య ట్రాన్స్‌నిస్ట్రియా అనే ప్రాంతం ఉంది. నేటి యుక్రెయిన్లో చాలా భాగం, మోల్డోవాలో కొంత. హిట్లర్‌తో చేతులు కలిపిన రొమేనియా నియంత అంటొనెస్కు 1941 నుంచి 1944 దాకా దాన్ని ఏలాడు. అక్కడ గ్యాస్ గదులు లేవు. వాటి అవసరమూ లేకపోయింది. చలి, ఆకలి, టైఫస్ జ్వరం, ఇంకా చాలాచోట్ల తుపాకులు ఆ పని చేశాయి. ఎలీ వీజల్ అధ్యక్షుడిగా ఉన్న అంతర్జాతీయ సంఘం 2004లో ఇచ్చిన నివేదిక ప్రకారం రొమేనియా ఏలుబడిలోని ప్రాంతాల్లో చచ్చిపోయిన యూదుల సంఖ్య 2,80,000కీ 3,80,000కీ మధ్య. లక్ష మంది ఉన్నారో లేరో చెప్పలేని లెక్క అది. ఒక నగరమంత జనం, ఉన్నట్టా లేనట్టా?

హిల్సెన్‌రాత్ కుటుంబాన్ని మొగిలెవ్-పొడోల్స్కి అనే ఊళ్ళో పడేశారు. బాంబులకీ, వరదకీ దెబ్బతిన్న ఊరు అది. ఇక్కడ ఒక ఇంజనీరు సంగతి చెప్పకుండా ముందుకు పోలేను, వృత్తిధర్మం అనుకోండి. సీగ్‌ఫ్రీడ్ యాగెన్‌డార్ఫ్ అనే యూదు ఇంజనీరునీ అదే ఊరికి తోలారు. అప్పటికే ఆయన యాభైల్లో ఉన్నాడు. ఊళ్ళో కరెంటు లేదు. పవర్‌హౌస్ పాడై ఉంది. ఆయన రొమేనియా అధికారి దగ్గరికి వెళ్ళి, కరెంటు తెప్పిస్తాను, అందుకు నాకు పనివాళ్ళు కావాలి అన్నాడు. పవర్‌హౌస్ అయ్యాక మూతపడ్డ పోత కర్మాగారాన్ని నిలబెట్టాడు. అందులో పనిచేసేవాళ్ళకీ వాళ్ళ కుటుంబాలకీ ఊళ్ళో ఉండే అనుమతి దొరికింది. ఆ అనుమతి లేనివాళ్ళని ఇంకా లోపలికి, చావుకి, తోలేస్తున్నారు. పనివాళ్ళ జాబితాలో వడ్రంగి, కమ్మరి అని రాయించుకున్నవాళ్ళలో సుత్తి ఎలా పట్టుకోవాలో తెలియని గుమస్తాలూ వకీళ్ళూ ఎందరుండి ఉంటారో ఊహించుకోవచ్చు. ఆయన వల్ల వేలమంది బతికారు. యుద్ధం తరవాత అమెరికా వచ్చి 1970లో కన్నుమూశాడు. ఆయన జ్ఞాపకాలు 1991లో పుస్తకంగా వచ్చాయి. షిండ్లర్ పేరు సినిమావల్ల అందరికీ తెలుసు. ఈయన పేరు మన ఇంజనీర్లలో కూడా ఎవరికీ తెలియదు.

1944 వసంతంలో సోవియట్ సైన్యం వచ్చేదాకా హిల్సెన్‌రాత్ ఆ ఊళ్ళోనే ఉన్నాడు. పద్ధెనిమిదేళ్ళు నిండుతున్నాయి. తరవాత పాలస్తీనా వెళ్ళాడు. 1947లో ఫ్రాన్సులోని లియాన్‌లో తండ్రిని, తల్లిని, తమ్ముణ్ణి కలుసుకున్నాడు. 1951లో న్యూయార్క్ చేరాడు. అక్కడ హోటళ్ళలో సర్వరుగానూ అలాంటి చిల్లర పనుల్లోనూ పొట్ట పోసుకుంటూ, రాత్రిళ్ళు కాఫెటేరియాల్లో కూర్చుని నవల రాశాడు. పేరు 'రాత్రి'.

ఈ మొదటి నవలలో నవ్వు తక్కువ. అయినా ఇది తెలియకపోతే రెండోది అర్థం కాదు. నీస్టర్ ఒడ్డున శిథిలమైన ఊరు. రాత్రి వేళ తల దాచుకునే చోటు దొరకనివాణ్ణి పోలీసులు పట్టుకుపోతారు. కనక ఒక మూల కోసం, ఒక మెట్టు కోసం మనుషులు కొట్టుకుంటారు. ఎవరు చచ్చిపోతారా, వాడి చోటు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కాచుకుంటారు. కథానాయకుడు రానెక్ చచ్చిపోయిన సొంత అన్న నోట్లోని బంగారు పన్నుని సుత్తితో ఊడగొట్టి రొట్టెకి అమ్ముకుంటాడు. పుస్తకంలో జర్మన్లు దాదాపు కనిపించరు. చంపేవాడు కనిపించకపోవడం, చచ్చేవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పీక్కుతినడం మాత్రమే కనిపించడం, ఇదే ఆ పుస్తకంలోని ఆరోపణ. మనిషిని ఈ స్థితికి తెచ్చినవాడి నేరం, చంపినదానికంటే పెద్దది అంటున్నాడు రచయిత. రానెక్ వదిన దెబోరా ఒక్కతే ఆ నరకంలో కూడా మనిషిగా మిగులుతుంది. ఆమెని దేవతని చెయ్యలేదు రచయిత. అందుకే నమ్ముతాం.

1964లో మ్యూనిక్‌లోని కిండ్లర్ సంస్థ దాన్ని అచ్చువేసింది. అచ్చువేసిందన్నమాటే గాని, కొద్ది ప్రతులు తీసి, ప్రచారం లేకుండా దాన్ని దాదాపు దాచిపెట్టింది. ఆ సంస్థలోనే దానిమీద పెద్ద గొడవ జరిగింది. యూదులని ఇంత నీచంగా చూపిస్తే యూదులంటే పడనివాళ్ళకి ఆయుధం ఇచ్చినట్టవుతుందని వాళ్ళ భయం. వాళ్ళని పూర్తిగా తప్పుపట్టను. యుద్ధం ముగిసి ఇరవయ్యేళ్ళే అయింది. అయితే ఆ భయం అడుగున ఇంకొకటి ఉంది. పశ్చిమ జర్మనీలో అప్పటికి 'మంచి యూదుడు' అనే బొమ్మ తయారైంది. పండితుడు, సౌమ్యుడు, వయొలిన్ వాయిస్తాడు, క్షమిస్తాడు. ఆ బొమ్మకి దణ్ణం పెడితే పాపం పోతుంది. ఆకలికి అన్న నోట్లో పన్ను పీకే యూదుడికి ఎవరు దణ్ణం పెడతారు? పైగా వాడు చదివేవాణ్ణి ఒకటే ప్రశ్న అడుగుతాడు, నన్నిలా చేసిందెవరని.

రెండో నవల 'నాజీ, క్షురకుడు' పరిస్థితి ఇంకా విడ్డూరం. రాసింది జర్మన్‌లో. ముందు అచ్చయింది మాత్రం అమెరికాలో ఇంగ్లీషు అనువాదంగా, 1971లో. తరవాత ఇతర యూరోపు భాషల్లోకీ వెళ్ళింది. జర్మనీలో ప్రచురణకర్తలు ఒకరి తరవాత ఒకరు తిప్పి పంపారు. ఈ విషయం మీద ఇలా రాయకూడదన్నారు. హంతకుడి దృష్టితో, అదీ నవ్విస్తూ! చివరికి 1977లో కొలోన్ నగరంలో హెల్ముట్ బ్రౌన్ అనే చిన్న ప్రచురణకర్త ధైర్యం చేశాడు. 1972లో నోబెల్ బహుమతి పొందిన హైన్రిక్ బోల్ మెచ్చుకుంటూ సమీక్ష రాశాడు. పుస్తకం జోరుగా అమ్ముడుపోయింది.

ఆ మధ్య కాలంలో జర్మనీలో ఏం జరుగుతోందో చూస్తే, మాక్స్ షుల్ట్జ్ కథ అతిశయోక్తి అనిపించదు. 1935లో నాజీలు యూదుల పౌరహక్కులు తీసేసే న్యూరెంబర్గ్ చట్టాలు చేశారు. ఆ చట్టాలకి వ్యాఖ్యానం రాసినవారిలో హాన్స్ గ్లోబ్కె అనే అధికారి ఒకడు. యూదు పురుషులు తమ పేరుకి 'ఇజ్రాయెల్', స్త్రీలు 'సారా' అని తగిలించుకోవాలని 1938లో ఉత్తర్వు వచ్చింది. దాని తయారీలోనూ ఇతని చెయ్యి ఉంది. యుద్ధం తరవాత ఇతను ఏమయ్యాడు? 1953 నుంచి 1963 దాకా పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ అడెనావర్ కార్యాలయానికి అధిపతి. నవలలో నాజీ యూదు పేరు పెట్టుకుని దాక్కున్నాడు. నిజజీవితంలో పేరు మార్చుకోవలసిన అవసరం కూడా లేకపోయింది.

ఇంకొకటి మా వృత్తికి సంబంధించినది. ఎర్‌ఫుర్ట్ పట్టణంలో టోఫ్ అండ్ సన్స్ అనే బాయిలర్ల కంపెనీ ఉండేది. ఆష్‌విట్జ్‌లో శవాలు కాల్చిన కొలుములు వాళ్ళు చేసినవే. 1942లో ఆ కంపెనీ ఇంజనీరు ఫ్రిట్జ్ జాండర్, పెద్ద ఎత్తున శవాలని ఆగకుండా కాల్చే కొలిమికి డిజైను చేసి పేటెంటు దరఖాస్తు తయారుచేశాడు. కన్వేయరు మీద సరుకు నడిచినట్టు శవాలు వాలుమీంచి జారుతూ కాలాలి. ముందు పడినవి తరవాతవాటికి ఇంధనం. సామర్థ్యం పెంచాలి, ఇంధనం ఆదా చెయ్యాలి, ఇదీ ధ్యాస. మనమందరం కాలేజీలో నేర్చుకున్న మాటలే. కాలుతున్నది ఏమిటన్న ప్రశ్న ఆ కాగితాల్లో ఉండదు. అది అప్పట్లో మంజూరు కాలేదు. యుద్ధం పోయాక ఆ కంపెనీ పశ్చిమ జర్మనీలో మళ్ళీ లేచింది. 1953లో శవాలని దహనం చేసే పద్ధతికి, యంత్రానికి దానికి పేటెంటు వచ్చింది! ఏ వ్యంగ్య రచయితా ఇంత కల్పించలేడు. ఎర్‌ఫుర్ట్‌లోని ఆ పాత కంపెనీ భవనం 2011 నుంచి స్మారక ప్రదర్శనశాల.

ఇక యూరెక్ బెకర్. ఇతని నవ్వు వేరు జాతి. హిల్సెన్‌రాత్‌ది మొహంమీద కొట్టే నవ్వయితే, ఇతనిది మెల్లిగా భుజంమీద చెయ్యి వేసే నవ్వు. 1937లో పోలండులో వూజ్ నగరంలో పుట్టాడని చెబుతారు. అసలు పుట్టినరోజు ఎప్పుడో తెలియదు. ఘెట్టోలో పసివాళ్ళని ముందు తీసుకుపోతారు కనక, పని చెయ్యగల వయసున్నట్టు కనిపించాలని తండ్రి వయసు పెంచి రాయించాడు. తరవాత అసలు తేదీ తండ్రికే గుర్తు లేకపోయింది. రావెన్స్‌బ్రుక్, సాక్సెన్‌హౌజెన్ శిబిరాలు చూశాడు. 1945లో తల్లి పోయింది. తండ్రీ కొడుకూ తూర్పు బెర్లిన్‌లో స్థిరపడ్డారు. అప్పటిదాకా పోలిష్ మాట్లాడిన పిల్లవాడు ఎనిమిదేళ్ళ వయసులో జర్మన్ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఘెట్టో రోజులు తనకేమీ గుర్తు లేవని అనేవాడు.

అతని నవల 'యాకోబ్ అనే అబద్ధాలకోరు' 1969లో వచ్చింది. ఘెట్టోలో యాకోబ్ హైమ్ ఒక మామూలు మనిషి. ఒకప్పుడు బంగాళాదుంప అట్లు అమ్ముకునేవాడు. ఒక రాత్రి అనుకోకుండా జర్మన్ పోలీసు కచేరీలో అడుగుపెట్టవలసి వస్తుంది. అక్కడ రేడియోలో రష్యన్ సైన్యం బెజానికా ఊరి దాకా వచ్చిందన్న ముక్క చెవిన పడుతుంది. మర్నాడు రైల్వే యార్డులో మీషా అనే కుర్రాడు బంగాళాదుంపలు దొంగిలించబోతాడు. పట్టుబడితే కాల్చేస్తారు. వాణ్ణి ఆపడానికి యాకోబ్ వార్త చెబుతాడు. వాడు నమ్మడు. పోలీసు కచేరీలోకి వెళ్ళి ప్రాణాలతో తిరిగివచ్చానంటే అసలే నమ్మడు. చేసేదిలేక, నా దగ్గర రేడియో ఉంది అంటాడు. ఘెట్టోలో రేడియో ఉంటే మరణశిక్ష. నిజం ఎవరూ నమ్మరు, అబద్ధాన్ని క్షణంలో నమ్మేశారు.

ఇంక చూసుకోండి. రోజూ జనం చుట్టుముడతారు. ఈ రోజు రష్యన్లు ఎంత దూరం వచ్చారు? యాకోబ్ రోజుకి కొన్ని కిలోమీటర్లు నడిపించాలి. మరీ తొందరగా నడిపిస్తే ఈపాటికి రావాలి గదా అంటారు. మరీ నెమ్మదిగా నడిపిస్తే నీరసపడతారు. వార్తలు తయారుచెయ్యడం ఎంత కష్టమో పాపం ఆయనకి తెలిసొస్తుంది. ఘెట్టోలో ఆత్మహత్యలు ఆగిపోతాయి. మీషా పెళ్ళి గురించి ఆలోచిస్తాడు. పాత బాకీల లెక్కలు తీస్తారు. రేపు అనేది ఒకటుందని తెలిశాక మనిషి మొదట గుర్తుచేసుకునేది అప్పులే కాబోలు.

యాకోబ్ చేరదీసిన లీనా అనే చిన్నపిల్లకి రేడియో వినాలని కోరిక. ఆయన నేలమాళిగలో అడ్డం వెనక దాక్కుని గొంతు మార్చి రేడియో అవుతాడు, బ్యాండు వాయిస్తాడు, కథ చెబుతాడు. రాకుమారికి జబ్బు చేసింది, మబ్బు తెచ్చిస్తేనే తగ్గుతుందంది. పండితులందరూ చేతులెత్తేశారు. తోటమాలి కుర్రాడు వెళ్ళి మబ్బులు దేంతో చేస్తారమ్మా అని అడిగాడు. దూదితో అంది. దూదిపింజ తెచ్చిచ్చాడు, జబ్బు తగ్గింది. నవల చివర యాకోబ్, లీనా, అందరూ రైలుపెట్టెలో ఉంటారు. ఎక్కడికి పోతున్నారో మనకి తెలుసు. మబ్బులు దేంతో చేస్తారని అప్పుడూ ఆ పిల్లకి అనుమానమే. ఇది అసలు ముగింపు. దీనికి ముందు రచయిత ఇంకో ముగింపు కల్పించి చెబుతాడు, అందులో రష్యన్లు వస్తారు. మీకు ఏది కావాలంటే అది తీసుకోండి అన్నట్టు రెండూ ముందు పెడతాడు.

ఈ కథకి మూలం బెకర్ తండ్రి. ఘెట్టోలో నిజంగా రేడియో దాచి వార్తలు చెప్పిన వీరుడి కథ రాయమన్నాడట. కొడుకు రేడియోయే లేని మనిషి కథ రాశాడు. తండ్రికి అది రుచించలేదని బెకరే చెప్పుకున్నాడు. అక్కడ ఉండి అనుభవించినవాడికి అది అవమానంగా తోచింది. తూర్పు జర్మనీ తీసిన సినిమా ఆస్కారుకి నామినేట్ అయింది. ఆ దేశపు చిత్రాల్లో ఆ గౌరవం దానికొక్కదానికే దక్కింది. 1999లో రాబిన్ విలియమ్స్‌తో హాలీవుడ్ తీసినది కూడా ఉంది. ముందుది చూడండి, రెండోదానిలో నవ్వు కోసం పాట్లు పడినట్టుంటుంది.

కిందటేడు మా సాహిత్య సమావేశంలో ఈ పుస్తకాల గురించి మాట్లాడితే, ఒక డాక్టరు మిత్రుడు గట్టిగా అభ్యంతరం చెప్పారు. శవాలమీద హాస్యమేమిటండీ, రేపు మన పిల్లలకి ఏం నేర్పుతాం అన్నారు. ఆయన మాటకి బలం ఉంది. 1940లో 'ది గ్రేట్ డిక్టేటర్' తీసిన చాప్లినే, శిబిరాల భయానకం నిజంగా తెలిసి ఉంటే ఆ సినిమా తీయగలిగేవాణ్ణి కానని 1964లో అచ్చయిన ఆత్మకథలో రాసుకున్నాడు. దేశ విభజన హత్యలమీద 1948లో సాదత్ హసన్ మంటో 'సియాహ్ హాషియే' అనే చిన్న చిన్న ముక్కలు రాస్తే, శవాల జేబుల్లోంచి జోకులు ఏరుకున్నాడని తోటి రచయితలే ఆక్షేపించారు. కాని చాప్లిన్‌కీ హిల్సెన్‌రాత్‌కీ తేడా ఉంది. ఒకరు తెలియక నవ్వించారు. రెండోవారు అంతా తెలిసి, అనుభవించి, ఆపైన నవ్వించారు. నవ్వుతున్నది ఎవరు, ఎవరిమీద అన్నదే నాకు గీటురాయి. హిల్సెన్‌రాత్ చచ్చినవాళ్ళమీద ఒక్క జోకు వెయ్యలేదు. హంతకుడిమీద, వాణ్ణి గుర్తుపట్టలేని లోకంమీద, వాణ్ణి తూచడానికి తూకంరాళ్ళు లేని న్యాయంమీద వేశాడు. ఆ మిత్రుడు ఒప్పుకోలేదు. పుస్తకం మాత్రం పట్టుకెళ్ళారు, ఇంకా తిరిగి ఇవ్వలేదు.

మనలాంటివాళ్ళకి పట్టే సంగతి ఒకటి మిగిలింది. హిల్సెన్‌రాత్ న్యూయార్క్‌లో ఇరవై నాలుగేళ్ళు ఉన్నాడు. ఇంగ్లీషు మాట్లాడాడు, ఇంగ్లీషులో బతికాడు. రాసింది మాత్రం జర్మన్‌లోనే. జర్మన్ మాట వింటే ఒళ్ళు జలదరించే యూదులు న్యూయార్క్‌లో వేలల్లో ఉన్న రోజుల్లో, ఆ భాషలో తన పుస్తకాన్ని అక్కడి ప్రచురణకర్తలు తిప్పికొడుతున్న రోజుల్లో! చుట్టూ వినపడని భాషలో రాయడం కష్టమై, 1975లో బెర్లిన్ తిరిగి వెళ్ళిపోయాడు. దేశం మీద ప్రేమతో కాదు, భాష కోసం వెళ్ళానని చెప్పాడు. తనని పశువుల పెట్టెలోకి ఎక్కించిన పాపంలో పాలున్న దేశానికి, నలభై తొమ్మిదేళ్ళ వయసులో. ఇక్కడ ముప్ఫయ్యేళ్ళుగా ఉంటూ ఇంట్లో కూడా తెలుగు మాట్లాడడానికి బద్ధకించే మనకి ఆ పిచ్చి అర్థం కావడం కొంచెం కష్టం. 1977లో బెకర్ కూడా తూర్పు జర్మనీ ప్రభుత్వంతో పడక పశ్చిమ బెర్లిన్ చేరాడు. అలా ఇద్దరూ ఒకే ఊళ్ళో ఉన్నారు. ఒకడు ఆ భాషలో పుట్టినవాడు, రెండోవాడు ఎనిమిదేళ్ళకి నేర్చుకున్నవాడు.

1989లో హిల్సెన్‌రాత్ 'ఆఖరి ఆలోచన కథ' అనే నవల రాశాడు. అది యూదుల గురించి కాదు. 1915లో టర్కీలో మొదలైన ఆర్మీనియన్ల ఊచకోత గురించి. తన జాతి ఏడుపుతో ఆగిపోకుండా పక్క జాతి ఏడుపుని అందుకోవడం ఎంతమందికి చేతనవుతుంది? దానికి ఆల్‌ఫ్రెడ్ డోబ్లిన్ పురస్కారం వచ్చింది. ఆయన పుస్తకాల్లో ఇది గొప్పదని నా అభిప్రాయం, అయినా చదవడం మొదలుపెట్టేవాళ్ళు దీనితో మొదలుపెట్టవద్దు. బెకర్ 1997లో, హిల్సెన్‌రాత్ 2018 డిసెంబరు 30న పోయారు. హిల్సెన్‌రాత్‌కి తొంభై రెండేళ్ళు.

ఇద్దరి పుస్తకాలూ ఇంగ్లీషులో దొరుకుతాయి. బెకర్‌ది హైస్కూలు పిల్లలకి ఇవ్వవచ్చు. 'నాజీ, క్షురకుడు' మాత్రం ముందు పెద్దవాళ్ళు చదివి ఆ తరవాత ఆలోచించుకోండి. మీ ఊరి లైబ్రరీలో ఊరికే 'నైట్' కావాలంటే ఎలీ వీజల్ పుస్తకమే తెచ్చిస్తారు, అది మీ పిల్లలు ఈపాటికి చదివే ఉంటారు. హిల్సెన్‌రాత్ పేరు చెప్పి అడగండి.